కాలనీ ఖాళీ స్థలంలో ఉమ్మడి తోట: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్, వరంగల్, విజయవాడ, విశాఖ, ఎక్కడ చూసినా దాదాపు ప్రతి కాలనీకీ ఒక ఖాళీ జాగా ఉంటుంది. లేఅవుట్ కాగితంలో అది పార్కు. వెళ్లి చూస్తే సర్కారు తుమ్మ, పగిలిన టైల్స్, ఎవరో పారబోసిన సిమెంటు పెళ్లలు. అలాంటి చోట నలుగురూ కలిసి కూరగాయలు పండించుకుందామనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలివి. విత్తనాలు, ఎరువుల సంగతి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే స్థలం ఎవరిది, కట్టుబాట్లు ఎలా రాసుకోవాలి అనే వాటికి ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాను. నేను చూసినంతలో ఆగిపోయిన తోటల్లో ఎక్కువ భాగం మనుషుల మధ్య మాట కుదరకే ఆగిపోయాయి.

పార్కుకీ ఉమ్మడి తోటకీ తేడా ఏమిటి?

పార్కును మున్సిపాలిటీ పెంచుతుంది, మనం వెళ్లి నడిచి వస్తాం. ఉమ్మడి తోటను వాడుకునేవాళ్లే పెంచుతారు. ఏం వేయాలో, నీళ్లు ఎప్పుడు పెట్టాలో, పండింది ఎలా పంచుకోవాలో వాళ్లే కూర్చుని తేల్చుకుంటారు. స్థలం ప్రభుత్వానిది కావచ్చు, అపార్ట్‌మెంట్‌ది కావచ్చు, ఒక దాతది కావచ్చు. దాన్ని అందరి తరఫున చూసుకునే బాధ్యత మాత్రం అక్కడివాళ్లది.

ఏ స్థలంలో వేసుకోవచ్చు?

ముందుగా లేఅవుట్ ఓపెన్ స్పేస్ చూడండి. అనుమతి ఉన్న లేఅవుట్‌లో సాధారణంగా పది శాతం దాకా స్థలాన్ని ఖాళీగా వదలాలి. ఆ స్థలాన్ని, రోడ్లను డెవలపర్ గిఫ్ట్ డీడ్ రాసి స్థానిక సంస్థకు ఉచితంగా అప్పగించాలి. మీరు చేయాల్సిన మొదటి పని ఆ డీడ్ కాపీ, ఆమోదించిన లేఅవుట్ ప్లాన్ సంపాదించడం. మామూలుగా అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. కొన్ని చోట్ల ప్లాన్‌లో పార్కు ఉంటుంది గానీ గిఫ్ట్ డీడ్ రిజిస్టరే కాదు. ముందు ముందు ఆ జాగా ప్లాటుగా మారి ఎవరికో అమ్ముడుపోయే ప్రమాదం అక్కడే ఉంది. తోట వేసినా వేయకపోయినా ఈ ఒక్క విషయం మాత్రం చూసుకోండి.

డీడ్ ఉంటే మున్సిపల్ కమిషనర్‌కు కాలనీ సంఘం తరఫున లెటర్ పెట్టి, రాతపూర్వక అనుమతి తీసుకోండి. పార్కులను కాలనీ సంఘాలకు దత్తత ఇచ్చే పద్ధతి జీహెచ్‌ఎంసీలో ఉంది. "కార్పొరేటర్ గారు సరే అన్నారు" అనే నోటిమాట చాలదు. ఆయన మారితే ఆ మాటా పోతుంది.

చెరువు శిఖం (చెరువు నీళ్లు నిలిచే భూమి), నాలా పక్క జాగాల జోలికి వెళ్లొద్దు. తెలంగాణలో 25 ఎకరాలు, అంటే పది హెక్టార్లు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్లు బఫర్ వదలాలి. అది నీళ్లకు వదిలిన చోటు. వాన గట్టిగా పడిన ఏడాది నీరు దాన్ని వెతుక్కుంటూ వస్తుంది.

గుడి, బడి, చర్చి, మసీదుల ఆవరణలు కూడా మంచి స్థలాలే. ఖాళీగా పడి ఉన్న ప్రైవేటు ప్లాటైతే యజమానితో కనీసం రెండేళ్లకు కాగితం రాసుకోండి. "అడిగినప్పుడు, చేతిలో ఉన్న పంట తీసుకుని ఖాళీ చేస్తాం" అనే మాట అందులో ఉంటే చాలామంది యజమానులు ధైర్యంగా ఇస్తారు. ఎన్నారైల ప్లాట్లకు ఇది వాళ్లకూ లాభమే, కబ్జా భయం తగ్గుతుంది.

కొన్నేళ్లు సాగు చేస్తే ఆ స్థలం మీద మాకు హక్కు వస్తుందా?

అనుమతితో సాగు చేసినంత మాత్రాన రాదు. రావాలని కోరుకోవడం కూడా సరికాదు. హక్కు వస్తుందనే ఆశతో మొదలుపెట్టినవాళ్లకూ, అదే పార్కులో గది కట్టేవాళ్లకూ తేడా ఏముంటుంది?

పార్కు స్థలంలో భవనం కడతామని అధికారులే వస్తే?

ఇలాంటి కేసు ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బెంగళూరులో ఒక లేఅవుట్‌లో పార్కుకు వదిలిన జాగాను ప్రభుత్వం ఒక ప్రైవేటు ట్రస్టుకు నర్సింగ్ హోమ్ కోసం కేటాయించింది. అక్కడి నివాసులు కోర్టుకెక్కారు. 1991లో బెంగళూర్ మెడికల్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు నివాసుల వైపే నిలబడింది. పార్కుకు వదిలిన చోటును అలా మరొకరికి ఇవ్వడం చెల్లదని, దాన్ని ప్రశ్నించే హక్కు అక్కడుండేవాళ్లకు ఉందని చెప్పింది. మీ లాయరు గారికి ఈ కేసు పేరు చెప్పండి.

ఊళ్లు నగరంలో కలిసిపోయిన శివారు కాలనీల్లో 2011 జనవరి నాటి జగ్‌పాల్ సింగ్ తీర్పు కూడా గుర్తుపెట్టుకోవాలి. ఊరుమ్మడి భూముల్లోంచి ఆక్రమణదారులను ఖాళీ చేయించి, వాటిని తిరిగి గ్రామానికి అప్పగించే పథకాలు తయారు చేయమని అన్ని రాష్ట్రాలనూ కోర్టు ఆదేశించింది. నిన్నటిదాకా బంచరాయి, మందబయలు అని పిలిచిన జాగాలే ఇవాళ మన కాలనీల మధ్య "ఖాళీ స్థలాలు". ఒకప్పుడు అక్కడ ఊళ్లో అందరి గొడ్లూ మేసేవి.

"ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చింది" అన్నారు కదా. అందరిదీ అయితే ఎవరు చూసుకుంటారు?

అందరూ అడిగే ప్రశ్న ఇది. ఇదే మాటను 1968లో గారెట్ హార్డిన్ అనే శాస్త్రవేత్త పెద్ద సిద్ధాంతంగా రాశారు. అందరి బీడులో ఎవరికి వారు ఒక గొడ్డును ఎక్కువ మేపుకుంటూ పోతే చివరికి బీడే మిగలదు, కాబట్టి దాన్ని ప్రైవేటుకైనా ఇవ్వాలి, ప్రభుత్వం చేతిలోనైనా పెట్టాలి అన్నారు. చాలా ఏళ్లు ప్రపంచం దాన్నే నమ్మింది.

ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికన్ పరిశోధకురాలు మాత్రం నిజంగా ఉమ్మడిగా నడుస్తున్న చోట్లను వెతికి చూశారు. స్విట్జర్లాండ్ కొండల్లో పచ్చిక బయళ్లు, జపాన్ గ్రామాల అడవులు, స్పెయిన్‌లోని వలెన్సియా కాలువలు. వలెన్సియాలో నీళ్ల తగాదాలు తీర్చడానికి రైతులు ఎన్నుకున్న పెద్దలు ఇప్పటికీ ప్రతి గురువారం అక్కడి కెథీడ్రల్ గుమ్మం దగ్గర కూర్చుంటారు. వందల ఏళ్లుగా ఈ ఉమ్మడి వనరులు పాడవకుండా ఉండటానికి కారణం అక్కడి కట్టుబాట్లేనని ఆమె చూపించారు. 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. ఆ శాస్త్రంలో ఆ బహుమతి పొందిన మొదటి మహిళ ఆమే. హార్డిన్ చెప్పిన బీడులో కాపలా లేదు, లెక్క లేదు, అడిగేవాడు లేడు. అలాంటి బీడు పాడవక ఏమవుతుంది?

ఇది మనకు కొత్త కాదు. తెలంగాణ, రాయలసీమ చెరువుల కింద నీరటి ఉండేవాడు. ఏ మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో అతని చేతిలో ఉండేది, దానికి కళ్లంలో గింజలు కొలిచి ఇచ్చేవారు. చెరువులో నీళ్లు తగ్గిన ఏడాది తైబందీ కట్టి, ఎవరెవరు ఎంత నాటాలో ముందే తేల్చేవారు. కర్నూలు జిల్లాలో కాలువ కింది గ్రామాలను పరిశీలించి రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు 1988లో తన పరిశోధన ప్రచురించారు. కాలువ చివర ఉండి నీళ్లు అందీ అందని ఊళ్లే నీళ్లు పెట్టడానికీ, చేల కాపలాకీ ఊరుమ్మడిగా మనుషులను పెట్టుకున్నాయని ఆయన గమనించారు. కోతలయ్యాక పొలాల్లో గొర్రెలు మేపుకునే హక్కును వేలం వేసి, ఆ డబ్బు ఊరి నిధిలో జమ చేసేవారట. కరువుండే చోటే కట్టుబాటు పుట్టిందన్నమాట. మన నగరాల్లో జాగాకు కరువు కాబట్టి, ఇక్కడా పుడుతుందనే నా నమ్మకం.

అయితే ఏమేం రాసుకోవాలి?

ఒక పేజీ చాలు. పది పేజీల నియమావళి రాస్తే ఎవరూ చదవరు. కానీ ఆ ఒక్క పేజీలో సభ్యులు ఎవరో, హద్దులు ఎక్కడో, వారానికి ఎవరు ఎంత పని చేయాలో, ఎవరు కోసుకోవచ్చో, తప్పితే ఏం చేస్తారో ఉండాలి.

బెండకాయ సంగతే చూడండి. కాయ లేతగా ఉన్నప్పుడు కోయకుండా రెండు మూడు రోజులు వదిలితే ముదిరి పీచు తేలుతుంది. ముదురుకాయలు చెట్టుమీద ఉంటే కొత్త పూత తగ్గిపోతుంది. సంక్రాంతికి ఒకాయన వారం రోజులు ఊరెళ్లాడనుకోండి. పక్క మడివాళ్లు కోస్తే దొంగతనం అంటారేమోనని భయం, కోయకపోతే మొక్క పాడు. తిరిగొచ్చాక ఇద్దరి మధ్యా మాటల్లేవు. "ఊరెళ్లేవాళ్లు గ్రూపులో చెప్పాలి, ఆ రోజుల్లో నీళ్లు పెట్టినవాళ్లే కాయ కోసుకోవాలి" అని ముందే రాసి ఉంటే ఆ గొడవే లేదు. మీ కట్టుబాట్లన్నీ ఇలాంటి చిన్న సంగతుల మీదే ఉండాలి. పైపు వాడాక చుట్టి పెట్టడం, పార కడిగి పెట్టడం, పక్క మడి మీద నీడ పడేలా పందిరి వేయకపోవడం, ఇలాంటివి.

తప్పు చేసినవాళ్లను మొదటిసారే వెళ్లగొట్టొద్దు. ముందు ఎవరైనా ఒకరు విడిగా మాట్లాడాలి. తర్వాత మీటింగులో చెప్పాలి. ఆ తర్వాతే మడి వెనక్కి తీసుకోవడం. ఆస్ట్రమ్ చూసిన ఊళ్లలోనూ శిక్ష ఇలా మెట్లుమెట్లుగానే ఉండేది. వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ నిలదీయడం మాత్రం అసలు వద్దు. అలా తెగిన మాట మళ్లీ అతకదు.

మడులు పంచుకోవాలా, అంతా కలిపి సాగు చేయాలా?

రెండూ కొంచెం కొంచెం. ఆకుకూరలు, వంగ, టమాటా లాంటివి ఇంటికో మడిగా పంచుకుంటే శ్రద్ధ ఉంటుంది. దొండ, సొర, బీర పందిళ్లు, మునగ, కరివేపాకు, నిమ్మ, అరటి అందరివీ. కంపోస్టు గుంత కూడా అందరిదే. ఇంటికి పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు మడి చాలు. నాలుగు అడుగులైతే రెండు వైపుల నుంచీ చెయ్యి అందుతుంది, మట్టిని తొక్కాల్సిన పని ఉండదు.

అద్దెకుండేవాళ్లకు, వాచ్‌మన్ కుటుంబాలకు కూడా ఇవ్వాలా?

ఇవ్వాలి. ఇందులో నాకు రెండో మాట లేదు. కాలనీ సంఘాల్లో చాలావరకు ఇంటి ఓనర్లదే ఓటు. తోటకు కూడా అదే పద్ధతి పెడితే, వ్యవసాయం బాగా తెలిసిన మనుషులే బయట ఉండిపోతారు. మహబూబ్‌నగర్ నుంచో శ్రీకాకుళం నుంచో పొలం వదిలి వచ్చి, సెల్లార్‌లో ఒక గదిలో ఉంటున్న వాచ్‌మన్ దంపతులకు తెలిసినంత మట్టి మనకెవరికీ తెలియదు. వాళ్లను కూలికి పిలిచి తవ్వించుకుని, పంట మాత్రం మనం కోసుకుంటే దాన్ని ఉమ్మడి తోట అనకూడదు. వాళ్లకూ ఒక మడి, మీటింగులో ఒక కుర్చీ ఉండాలి. అదనంగా పని చేయించుకుంటే దానికి కూలీ వేరుగా ఇవ్వాలి. అద్దెకుండేవాళ్లు ఏడాదికే వెళ్లిపోతారంటారా? వెళ్లనివ్వండి, మడి తర్వాతివాళ్లకు వస్తుంది.

పస్తాపూర్ కేంద్రంగా జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాలు బీళ్లను కౌలుకు తీసుకుని ఉమ్మడిగా జొన్న, పప్పుధాన్యాలు పండించాయి. ఆ సంఘాల్లో ఎక్కువమంది భూమి లేని, లేదా నామమాత్రం భూమి ఉన్న దళిత స్త్రీలు. ఉమ్మడి సాగు ఎవరికి ఎక్కువ అవసరమో అక్కడికి వెళ్లి చూస్తే అర్థమవుతుంది.

గేటుకు తాళం వేయాలా?

రాత్రిపూట వేయండి, పగలు వద్దు. పశువులు రాకుండా కంచె కావాలి, మనుషులు రాకుండా కాదు. గేటు పక్కనే ఒక మడిలో తోటకూర, పుదీనా, కరివేపాకు వేసి "ఎవరైనా కోసుకోవచ్చు" అని బోర్డు పెట్టండి. దొంగతనాలు దానితోనే చాలా తగ్గుతాయి.

ఈ మట్టిలో పండినవి తినొచ్చా?

చూడకుండా తినొద్దు. కాలనీ ఖాళీ జాగాల్లో పైన ఉండేది చాలావరకు మట్టి కాదు, కూలగొట్టిన ఇళ్ల శిథిలం. పాత పెయింటు పెచ్చుల్లో సీసం ఉంటుంది. పాత బ్యాటరీలు, టైర్లు కాల్చిన చోటైతే ఇంకా జాగ్రత్త.

పరీక్షకు మట్టి తీయడం తేలిక. స్థలంలో ఎనిమిది, పది చోట్ల పైన చెత్త తీసేసి, ఇంగ్లిష్ 'వి' ఆకారంలో ఆరంగుళాల లోతు గుంత తీయండి. గుంత గోడ వెంట పైనుంచి కింది దాకా పలచగా మట్టి చెక్కండి. అన్నీ కలిపి, నీడలో ఆరబెట్టి, అరకిలో సంచిలో కట్టి పంపండి. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనో, మీ జిల్లా భూసార పరీక్షా కేంద్రంలోనో అడగండి. మామూలు భూసార పరీక్షలో ఉదజని సూచిక (పీహెచ్), నత్రజని, భాస్వరం, పొటాష్ వగైరా చెబుతారు. సీసం, కాడ్మియం లాంటివి అందులో రావు, వాటిని విడిగా అడిగి చేయించాలి.

అనుమానంగా ఉంటే ఆ మట్టిని వదిలేసి, ఇటుకలతో అడుగున్నర ఎత్తు మడి కట్టి, ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి నింపుకోండి. ఆకుకూరలు, దుంపలు ఇలాంటి మడుల్లోనే వేయండి. మట్టిలోని చెడు వాటికి ఎక్కువ పడుతుంది, కాయగూరలకు తక్కువ.

నీళ్లు ఎక్కడి నుంచి?

బోరు వేయాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కావాలి. అంతకంటే ముందు ఇంకుడు గుంత తవ్వండి, పక్క ఇళ్ల పైకప్పు నీళ్లు అందులోకి మళ్లించండి. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు నిక్షేపంగా వాడొచ్చు. ఆర్‌వో మెషీన్ వదిలే నీళ్లు రోజూ పోస్తే మట్టిలో ఉప్పు పేరుకుని ఆకుల అంచులు మాడతాయి. నాలా నీళ్లు మాత్రం ఒక్క బకెట్ కూడా వద్దు. ఆ మురుగులో ఏ ఫ్యాక్టరీ వదిలింది ఏముందో తెలియదు.

నీళ్ల వంతుకు గేటు దగ్గర ఒక నోటుపుస్తకం వేలాడదీయండి. తేదీ, పేరు, ఏ మడులు తడిపారు. అంతే. వేసవిలో గొడవలొచ్చేది నీళ్ల దగ్గరే, అప్పుడు ఆ పుస్తకమే సాక్ష్యం.

ఏం వేస్తే మొదటిసారి దెబ్బతినం?

తోటకూర, పాలకూర, మెంతి, గోంగూర. నెల తిరిగేలోపు కోతకొస్తాయి, గోంగూర కాస్త ఆలస్యం. మొదటి కట్ట ఇంటికి తీసుకెళ్లిన మనిషి రెండో నెల కూడా వస్తారు. బెండ, గోరుచిక్కుడు నలభై, యాభై రోజులు పడతాయి. పందిరి చిక్కుడు వానాకాలంలో పెట్టాలి. పగటిపూట తగ్గాకే అది పూత పట్టి, చలికాలమంతా కాస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో 50 శాతం ఎండను ఆపే షేడ్ నెట్ లేకుండా ఆకుకూరల జోలికి వెళ్లకండి.

పురుగు పడితే?

చిక్కుడు తీగల చివర్లకు పేనుబంక నల్లగా పట్టేస్తుంది. ముందు ఆ చివర్లు తుంచి తోట బయట పారేయండి. తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. రసాయన మందులు వద్దనే నియమం మొదటి పేజీలోనే ఉండాలి, ఎందుకంటే ఒకరు కొట్టిన మందు అందరి కూరలోకీ వస్తుంది. మట్టికి బలమిచ్చే జీవామృతం అనే ద్రవ ఎరువు కావాలంటే 20 లీటర్ల నీటికి కిలో నాటు ఆవు పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు మంచి మట్టి. నీడలో రెండు రోజులు, పూటకోసారి కలుపుతూ ఉంచితే తయారవుతుంది. వారంలోపు వాడేయాలి.

సంఘం రిజిస్టర్ చేయాలా?

ఇరవై ఇళ్లు దాటాక చేయడం మంచిది. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. బ్యాంకు ఖాతా సంఘం పేరు మీదే ఉండాలి, ఎవరి సొంత ఫోన్‌పే నంబరుకూ డబ్బు వేయించుకోవద్దు. నెలనెలా లెక్క బోర్డు మీద అంటించండి.

బయటి దేశాల్లో ఇవి నిలబడ్డాయా?

నిలబడ్డవాటి వెనక పోరాటం ఉంది. న్యూయార్క్‌లో 1970లలో వందల ప్లాట్లు శిథిలాలతో పాడుబడ్డాయి. 1973లో లిజ్ క్రిస్టీ అనే కళాకారిణి, ఆమె మిత్రులు మాన్‌హాటన్‌లో బౌరీ, హ్యూస్టన్ వీధుల మూలన ఉన్న ఒక ప్లాటును శుభ్రం చేసి తోట వేశారు. మరుసటి ఏడాది నగరం దాన్ని నెలకు ఒక డాలరు అద్దెకు ఇచ్చింది. 1978లో ఇలాంటి తోటలకు తోడ్పడే గ్రీన్‌థంబ్ అనే నగరపాలక కార్యక్రమం వచ్చింది. ఈ తోటలతో వీధులు బాగుపడి భూముల ధరలు పెరిగేసరికి, 1999లో మేయర్ జూలియాని హయాంలో నగరం వందకు పైగా తోటలను వేలానికి పెట్టింది. జనం వీధుల్లోకి వచ్చారు. చివరికి నటి బెట్ మిడ్లర్ స్థాపించిన సంస్థ, ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్ అనే మరో సంస్థ కలిసి 42 లక్షల డాలర్లకు వాటిని కొని కాపాడాయి. 2002లో కుదిరిన ఒప్పందంతో ఇంకా కొన్ని వందల తోటలకు రక్షణ దొరికింది. గట్టి కాగితం లేకపోతే పాతికేళ్లు పెంచిన తోట కూడా ఒక్క నోటీసుతో వేలానికి వస్తుంది. అనుమతి పత్రం గురించి పైన అంతగా చెప్పింది అందుకే.

బ్రిటన్‌లో 1908 చట్టం ప్రకారం ప్రజలు అడిగితే స్థానిక కౌన్సిళ్లు సాగుకు చిన్న మడులు చూపించాలి. అక్కడ మామూలు మడి సుమారు 250 చదరపు మీటర్లు, అంటే మన 300 గజాల ప్లాటంత. బెర్లిన్‌లో మూతపడిన టెంపెల్‌హోఫ్ విమానాశ్రయం మైదానం సుమారు 300 హెక్టార్లు. అందులో కొంత భాగంలో ఇళ్లు కడతామంటే 2014లో నగర ప్రజలు ఓటేసి ఆపారు. ఆ మైదానంలో ఇప్పుడు ఉమ్మడి తోటలున్నాయి. అమెరికాలో మనవాళ్లు చాలామంది ఏడాదికి కొంత ఫీజు కట్టి, కమ్యూనిటీ గార్డెన్‌లో మడి తీసుకుని గోంగూర, దోస, సొర పండిస్తున్నారు. అక్కడున్న మీ బంధువులను అడిగి చూడండి, అక్కడి తోటల నియమాల కాగితం పంపిస్తారు. మీది రాసుకోవడానికి పనికొస్తుంది.

మాది అపార్ట్‌మెంట్. టెర్రస్ మీద చేయొచ్చా?

టెర్రస్ సాధారణంగా అందరి ఉమ్మడి ఆస్తి, అందుకని సంఘంలో తీర్మానం ఉండాలి. బరువు ఎంత మోస్తుందో స్ట్రక్చరల్ ఇంజినీరుతో చూపించుకోండి. తడి మట్టి చాలా బరువు. కుండీలు స్లాబ్ మధ్యలో కాకుండా కింద బీములున్న చోట, స్టాండ్ల మీద పెట్టండి. లీకేజీ వచ్చిందంటే పై అంతస్తువాళ్లు తోటనే తీసేయమంటారు.

మొదలుపెట్టాలంటే ఏ నెల మంచిది?

కాగితాల పని జనవరిలోనే మొదలుపెట్టండి, అనుమతికి మూడు నాలుగు నెలలు పట్టొచ్చు. ఏప్రిల్‌లో శిథిలాలు ఎత్తించి, మట్టి పరీక్షకు పంపండి. మేలో కంచె, మడులు, కంపోస్టు గుంత. తొలకరి పడ్డ వారంలో గోంగూర, తోటకూర చల్లండి, పందిళ్ల కింద బీర, సొర, చిక్కుడు గింజలు పెట్టండి. స్థలంలో ఉన్న వేప, కానుగ చెట్లను కొట్టొద్దు, వాల్టా ప్రకారం దానికీ అనుమతి కావాలి. ఆ నీడలో కూరగాయలు రావు గానీ, మీటింగు పెట్టుకోవడానికి బెంచీ వేసుకోవచ్చు.